జపాన్‌లో అలికిడి లేని చిన్న ఊరు: అమ్మానాన్నలను ఎక్కడికి తీసుకువెళ్లాలి?

ప్రశ్న: నిషికసాయి నివాసి

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఆరేళ్లుగా టోక్యోలోని నిషికసాయిలో ఉంటున్నాను. వచ్చే నవంబరులో మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి రెండోసారి వస్తున్నారు. మొదటిసారి వచ్చినప్పుడు అసకుసా, క్యోటో, ఫుజి పర్వతం అన్నీ తిప్పి చూపించాను. తిరుగు ప్రయాణం రోజున విమానాశ్రయంలో నాన్న, "గుళ్లూ గోపురాలూ చూశాంగాని, ఇక్కడి మామూలు మనిషి సాయంత్రంపూట ఏం చేస్తుంటాడో చూడనేలేదురా" అన్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

అందుకని ఈసారి యాత్రికుల రద్దీ లేని ఒక చిన్న ఊళ్లో రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు; ఏకబిగిన కిలోమీటరుకు మించి నడవలేదు, నేల మీద కూర్చుంటే లేవడం కష్టం. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టని శాకాహారులు. ఆఫీసులో ఎవరిని అడిగినా షిరకావా-గో వెళ్లమంటున్నారు. అది నిజంగా ప్రశాంతంగా ఉంటుందా? అలాంటి చోట తిండి సంగతి ఎలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: సెటో తీరం

షిరకావా-గో అందాన్ని నేను కాదనను; అంత ఏటవాలుగా, అంత ఎత్తుగా నేసిన గడ్డి కప్పులు మరోచోట చూడలేదు. అయితే 1995లో యునెస్కో జాబితాకెక్కిన ఆ ఊరి జనాభా సుమారు 1,500 కాగా, ఏటా వచ్చే యాత్రికుల సంఖ్య 10 లక్షలు దాటుతుంది. మీ నాన్నగారు అడిగినది పగటిపూట అక్కడ దొరకదు. మీరు షికోకు దీవిలో, ఎహిమే ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) ఉన్న ఉచికో వెళ్లండి. మత్సుయామాలో ఉన్న నాలుగేళ్లలో నేను ఆ ఊరికి కనీసం పదిసార్లు వెళ్లి ఉంటాను.

టోక్యోలోని హనెదా విమానాశ్రయం నుంచి ఎహిమేలోని మత్సుయామా నగరానికి విమానంలో గంటన్నర ప్రయాణం. అక్కడి రైల్వేస్టేషన్లో ఉవకాయి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే 25 నిమిషాల్లో ఉచికోలో దిగుతారు. ప్యాసింజరు అయితే దాదాపు గంట పడుతుంది. చుట్టుపక్కల పల్లెలన్నీ కలుపుకొని ఆ ఊరి జనాభా 15 వేలు ఉంటుందేమో.

ఒకప్పుడు అది మైనం మీద బతికిన ఊరు. హజె అనే చెట్టు కాయల నుంచి తీసిన మైనాన్ని పలచగా తురిమి, ఎండలో పరచి, తెల్లబడేదాకా ఆరబెట్టి, 19వ శతాబ్దం చివరి నాటికి విదేశాలకు సైతం ఎగుమతి చేశారు. పారఫిన్ మైనం, కరెంటు దీపాలు వచ్చాక ఆ వ్యాపారం కుప్పకూలింది. పాత ఇళ్లను పడగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత ఊరికి లేకపోవడం వల్లే అవి మిగిలాయని నా అభిప్రాయం. యొకాయిచి-గొకొకు అనే ఆ వీధి పొడవు సుమారు 600 మీటర్లు. రెండు వైపులా లేత పసుపు సున్నపు గోడలు, చెక్క జాలీలు, నల్లటి పెంకులు. కొన్ని ఇళ్ల ముందు గోడకు మడిచిపెట్టే చెక్కబల్లలు ఉంటాయి. దించితే మన వీధి అరుగే. 1982లో ప్రభుత్వం ఆ వీధిని పరిరక్షణ పరిధిలోకి తెచ్చినా అది ప్రదర్శనశాల కాలేదు. ఆ ఇళ్లలో మనుషులు కాపురముంటున్నారు, గుమ్మాల ముందు మొక్కలకు నీళ్లు పోసుకుంటున్నారు. అందుకే జాలీల్లోంచి లోపలికి తొంగిచూడవద్దని అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. మా అత్తగారిని ఆపలేక నేను పడిన ఇబ్బంది అంతా ఇంతా కాదు.

ఆ వీధిలో చేత్తో కొవ్వొత్తులు చేసేవారి దుకాణం ఉంది. కాగితం చుట్టి, దాని మీద తుంగజాతి గడ్డి బెండును చుట్టిన వత్తులను పుల్లలకు గుచ్చి, వాటిని ఒక చేత్తో దొర్లిస్తూ, రెండో చేత్తో కరిగిన మైనాన్ని తీసి పూస్తారు. ఆరనిచ్చి మళ్లీ పూస్తారు. అడ్డంగా కోసిన ముక్కలో చెట్టు మొద్దులో ఉన్నట్టే వలయాలు కనిపిస్తాయి. చేయి కాలదా అని నేను సైగతో అడిగితే ఆ పనివాడు నవ్వి అరచేయి చాపాడు. అద్దంలా నున్నగా ఉంది. మీ నాన్నగారు అక్కడ గంటసేపు నిలబడిపోతారని ఊహిస్తున్నాను.

నడక గురించి ఒక కిటుకు: స్టేషన్ నుంచి వీధి మొదటికి దాదాపు ఇరవై నిమిషాల నడక, ఆపైన కొద్దిపాటి ఎత్తు ఎక్కాలి. కాబట్టి టాక్సీలో నేరుగా పైచివరన ఉన్న కోషోజి గుడి దాకా వెళ్లి, అక్కడి 10 మీటర్ల శయన బుద్ధుణ్ణి చూసి, దిగువకు మెల్లగా నడిచి రండి. 1916లో కట్టిన ఉచికో-జా అనే కబుకి (జపాన్ సంప్రదాయ నాటకం) నాటకశాలను మాత్రం 2024లో మరమ్మతులకు మూసివేశారు. తెరిచారో లేదో చూసుకుని వెళ్లండి.

సాయంత్రం అయిదింటికి ఊరి లౌడ్‌స్పీకర్లలో పిల్లల పాట బాణీ ఒకటి వినిపిస్తుంది, ఆ వెంటనే దుకాణాలు మూసేస్తారు. ఆ తర్వాత కాలవలో నీళ్ల చప్పుడు, ఎవరింట్లోనో వార్తలు చదివే గొంతు తప్ప మరేమీ వినపడదు. రాత్రి బస చేయకుండా మధ్యాహ్నం వచ్చి పోయేవారికి ఈ భాగం దక్కదు. బస గదులు కొద్దిగానే ఉంటాయి గనుక మంచాలు, కుర్చీలు ఉన్న గది కావాలని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

జవాబు: కొండదారి

ఉచికో మంచి ఎంపికే గాని, విమానం ఎక్కి అంత దూరం వెళ్లనక్కరలేదని నా ఉద్దేశం. నగొయా నుంచి షినానో ఎక్స్‌ప్రెస్‌లో కిసో లోయకు చేరుకుని త్సుమగోలో ఉండండి. ఎదో (టోక్యో పాత పేరు) నుంచి క్యోటోకు సాగిన నకసెందో రహదారి మీది 69 మజిలీలలో అది ఒకటి. 1960లలో జనం వలసపోయి ఊరు పాడుబడుతున్నప్పుడు అక్కడివారు "అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం" అని కట్టుబాటు చేసుకుని ఇళ్లను నిలబెట్టుకున్నారు. కరెంటు తీగలు వీధిలో కనపడనివ్వరు, పగటిపూట కార్లను రానివ్వరు. పక్క మజిలీ మగొమెకు కొండదారిన 8 కిలోమీటర్ల నడక. దారి పొడవునా ఎలుగుబంట్లను బెదరగొట్టే గంటలు వేలాడుతుంటాయి. మీ అమ్మగారు నడవలేరు కాబట్టి ఆ దూరానికి బస్సు ఎక్కవచ్చు. నవంబరు మొదట్లో అయితే ఆకులు ఎర్రబడి ఉంటాయి. నెలాఖరుకు చలి గట్టిగానే కొరుకుతుంది.

జవాబు: సెటో తీరం

కొండదారి గారూ, త్సుమగో నాకూ ఇష్టమే. కాని ఆ ఊరి ప్రాణమంతా ఆ కొండదారి నడకలోనే ఉంది. అది లేకుండా వెళితే దుకాణాల వీధి ఒక్కటే మిగులుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషిని బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పడం కన్నా, అరుగు మీద కూర్చోబెట్టగలిగే ఊరే మేలు.

జవాబు: పెరుగన్నం

ఊరు ఏదైనా తిండి విషయం మాత్రం తేలికగా తీసుకోకండి. ఎహిమేలో నాకు జరిగినది చెబుతాను. ఒక దుకాణం ముందు బూడిదరంగులో బిళ్లల్లా వేయించిన పదార్థం కనిపిస్తే, మినప్పిండితోనో సోయాతోనో చేసిన గారె అనుకుని నోట్లో పెట్టుకున్నాను. అది జకోతెన్; చిన్న చేపలను ముళ్లతో సహా రుబ్బి వేయించినది. తప్పు అడగని నాదే.

అంతకన్నా పెద్ద చిక్కు దషి, అంటే జపాన్ వంటల్లో రుచికి వాడే సారం. కూరలు ఉడికించే నీళ్లలోనూ, సూపులోనూ, ఉదోన్ అనే లావు గోధుమ నూడుల్స్ పులుసులోనూ ఎండుచేప సారం ఉంటుంది, కంటికి కనపడదు. "బెజితరియన్" అంటే మాంసం ముక్క లేకపోతే చాలని చాలామంది అనుకుంటారు. అందుచేత గది తీసుకునేటప్పుడే "నికు మో, సకానా మో, తమాగో మో, కట్సువో దషి మో తబెరారెమసెన్" (మాంసం, చేప, గుడ్డు, ఎండుచేప దషి ఏవీ తినలేం) అని రాయండి. కొంబు అనే సముద్రపు నాచుతో చేసిన దషి అయితే పరవాలేదని కూడా చేర్చండి. వారం ముందు చెబితే కొందరు ఎంతో శ్రద్ధగా వండుతారు, వచ్చాక చెబితే పాపం వారు నిస్సహాయులు. చేయలేమని ముందే అన్నవారి దగ్గర భోజనం లేకుండా గది మాత్రం తీసుకోండి.

ఉచికోలో కరారి అనే రైతుల అంగడి ఉంది. పండించిన వారి పేరు అంటించిన కూరగాయలు, పళ్లు అక్కడ దొరుకుతాయి. నవంబరులో పెర్సిమన్లు, కమలాలు వస్తాయి. చిన్న రైస్ కుక్కర్, ఒక సీసా గోంగూర పచ్చడి, కందిపొడి వెంట ఉంటే మీకు దిగులు లేదు. కుక్కర్ గదిలో పెట్టవచ్చో లేదో మాత్రం ముందుగా అడగండి.

స్పందన: నిషికసాయి నివాసి

అందరికీ కృతజ్ఞతలు. ఉచికోలో రెండు రాత్రులు, మత్సుయామాలో ఒక రాత్రి అని నిశ్చయించుకున్నాను. వీధి చివరి గుడి మాట చెప్పగానే అమ్మ ఒప్పుకుంది. ఆ కొవ్వొత్తులను ఊరికి తీసుకువెళ్లవచ్చా? దేవుడి దగ్గర కొవ్వొత్తి వెలిగించడానికి అమ్మ ఇష్టపడదు. జంతువుల కొవ్వు ఉంటుందేమోనని ఆమె అనుమానం.

జవాబు: సెటో తీరం

హజె మైనం చెట్టుకాయలదే. జపాన్‌లో బౌద్ధులు ఇంటి పూజామందిరంలో వెలిగించేదీ ఈ కొవ్వొత్తులనే. కొనేటప్పుడు పూర్తిగా హజె మైనమేనా అని మాత్రం అడగండి. వత్తి లావుగా ఉంటుంది గనుక మంట పెద్దదిగా వస్తుంది, మధ్యమధ్య చిన్న కత్తెరతో వత్తి కొస తుంచాలి. ఆ పని ఎలా చేయాలో దుకాణంలోనే చూపించమనండి. ఈ మైనం 50 డిగ్రీలు దాటితే కరిగిపోతుంది. నవంబరు ప్రయాణానికి ఇబ్బంది లేదు గాని, గుంటూరులో మే నెల దాకా దాచుకుంటే మాత్రం పడమటి గోడ బీరువాలో పెట్టవద్దని అమ్మగారికి చెప్పండి. నేను మూడు కొవ్వొత్తులు అలాగే పోగొట్టుకున్నాను.