పంచరత్న గోష్ఠిలో 25 గొంతులు, ఒక్క శ్రుతి: ఎట్లా కుదిర్చేది?

కడపరాయుని వీధి:
పుష్య బహుళ పంచమికి కడపలో త్యాగరాజ ఆరాధన పెట్టుకున్నాం. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో ఆయన పంచరత్న కీర్తనలు అయిదూ అందరం కలిసి గోష్ఠిగా పాడతాం. గోష్ఠిలో ఆడవాళ్లు 16, మగవాళ్లు 9, వయొలిన్లు 3, మృదంగాలు 2, ఘటం 1. గుడి ముందర షామియానా, పొద్దున 9కి మొదలు. రిహార్సల్లో తేలిన చిక్కులు ఇవి. ఆడవాళ్లు 5 శ్రుతి (హార్మోనియంలో అయిదో తెల్లమెట్టు) కావాలంటారు, మగవాళ్లు 1 (మొదటి తెల్లమెట్టు) దాటితే మావల్ల కాదంటారు. నాటలో నడక నిదానంగానే ఉంటుంది, శ్రీ రాగానికి వచ్చేసరికి అందరూ ఆఖరి బస్సు పట్టుకునేవాళ్ల మాదిరి పరుగు. ఆరభిలో చరణం అయిపోయిన ప్రతిసారీ గుంపు రెండుగా చీలుతుంది. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

గాత్రం టీచర్:
1కీ 5కీ మధ్య ఉన్నది పంచమం దూరం (స నుంచి ప దాకా), స్థాయి దూరం (స నుంచి పై స దాకా) కాదు. కాబట్టి ఎవరి శ్రుతిలో వాళ్లు పాడుకుంటే అది గోష్ఠి కాదు, సంత. 2½ (రెండో తెల్లమెట్టు తర్వాతి నల్లమెట్టు) పెట్టండి. ఆడవాళ్లు నాలుగు స్వరస్థానాలు (మెట్లు) దిగుతారు, మగవాళ్లు మూడు ఎక్కుతారు. ఇద్దరూ సణుగుతారు. ఇద్దరూ సమానంగా సణిగితే శ్రుతి సరిపోయినట్టే. ఒక జాగ్రత్త: పల్లవి పాడించి శ్రుతి తేల్చేయొద్దు. పల్లవి అందరికీ అందుతుంది. చరణాల్లో తారస్థాయిలో అన్నిటికంటే పైకి వెళ్లే చోటు, మంద్రంలో అన్నిటికంటే కిందికి దిగే చోటు వెతికి ఆ రెండూ పాడించి చూడండి.

ఆరభి సంగతి. నాట, గౌళ, వరాళి, శ్రీ నాలుగింటిలోనూ చరణం అయ్యాక పల్లవి ఎత్తుకుంటాం. ఒక్క ఆరభిలోనే 'సమయానికి తగు మాటలాడెనే' దగ్గరికి రావాలి. అలవాటు కొద్దీ సగం మంది నోట పల్లవి 'సాధించెనే' వచ్చేస్తుంది. సాహిత్యం కాగితాల్లో ప్రతి చరణం కింద 'సమయానికి' అని ఎర్ర ఇంకుతో రాసివ్వండి. 'పల్లవి' అన్న మాటే ఆ కాగితంలో కనపడకూడదు.

అసలు ప్రమాదం వరాళి. గురువు ఎదురుగా కూర్చోబెట్టి వరాళి నేర్పితే గురుశిష్యులకు చెడుతుందని ఒక నమ్మకం ఉంది కదా. దాంతో చాలామంది ఆ కీర్తన విని నేర్చుకున్నవాళ్లే, ఒక్కొక్కరు ఒక్కో రికార్డు విని! శుద్ధ గాంధారం (అన్నిటికంటే కింది గ) ఎవరికి తోచినంత కిందికి వాళ్లు దించుతారు. ఏదో ఒక పాఠం ఖాయం చేసి, రిహార్సల్ సమయంలో సగం దీనికే ఇవ్వండి.

తొప్పి రవ్వ:
అన్నా, 2½ అంటే మృదంగం వాళ్లకు సరిహద్దు తగాదా. తగ్గు శ్రుతి మృదంగం బాగా బిగించాల, హెచ్చు శ్రుతిది వదులు చేస్తే నాదం చచ్చిపోతాది. తగ్గుదే తెచ్చుకోమని ఇద్దరికీ ఇప్పుడే చెప్పండి. కుడివైపు తోలు వార్లు దూరే 16 చోట్లా ఒకే స్వరం పలకాల. ఎదురెదురు చోట్లు జతగా చూసుకుంటా పోవాల. అంచు మీద పైనుంచి కొడితే శ్రుతి పెరుగుతాది, కిందనుంచి పైకి తడితే తగ్గుతాది. జనవరి పొద్దున చలిలో సరిచేసింది 11 గంటల ఎండకు చర్మం ఆరి పైకి పోతాది. అందుకని కీర్తనకూ కీర్తనకూ మధ్య ఒక నిమిషం మాకు ఇడవండి, ఆ సందులో సన్మానాలు పెట్టొద్దు. తొప్పికి (ఎడమవైపు మూతకు) పెట్టిన బొంబాయి రవ్వ ముద్ద ఆరితే గుమికి (లోతుగా మోగే నాదం) పోయి ఉత్త చప్పుడే మిగులుతాది. తడిగుడ్డ పక్కనే ఉండాల. ఘటం శ్రుతి కాల్చినప్పుడే ఖాయమైపోతాది, ఆయనకు 2½ అని ముందే చెప్పకపోతే ఇంట్లో ఉండే కుండ ఎత్తుకొస్తాడు.

పరుగు ఎందుకొస్తాదంటే, పాదం చివర సాగదీయాల్సిన కార్వైని (స్వరం నిలిపే కాలాన్ని) అందరూ కోసేసి, అక్కడే ఊపిరి పీల్చి తర్వాతి మాట ముందే అందుకుంటారు. ముందు వరస ఒకచోట, వెనక వరస ఇంకోచోట ఊపిరి తీసుకునేట్టు గుర్తులు పెట్టండి. తాళం వేసే చెయ్యి ఒక్కటే, అందరికీ కనపడేట్టు. మెట్రోనోం (లయ కొట్టే యంత్రం) నిమిషానికి 70 దగ్గర పెట్టి నాట మొదలు శ్రీ దాకా ఆపకుండా పాడించండి, ఏ చరణంలో జారుతున్నారో తెలిసిపోతాది. మృదంగాల్లో ఒకటే నడిపించాల, రెండోది చరణాల్లో అణిగి ఉండాల. ఇద్దరూ పోటీపడితే పాట పని అయిపోయినట్టే.

మైకుసెట్టు:
మనిషికో మైకు పెట్టారంటే కూత తప్పదు. అయిదారుగురికి ఒకటి చాలు. హారన్లు వీధి చివర కట్టి, గాయకుల దగ్గర మానిటర్ పెట్టకపోతే వెనక వరసకు తమ పాటే ఆలస్యంగా వినపడుతుంది. 34 మీటర్ల దూరానికి సెకనులో పదోవంతు. దాన్ని పట్టుకుని పాడితే వాళ్లు వెనకబడతారు. మానిటర్లో శ్రుతి, ఒక వయొలిన్, ముందు వరస గొంతు చాలు, మృదంగం వద్దు. ఫోన్‌లో తంబూరా యాప్ వాడేటట్టయితే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వరాళి కీర్తన 'కన కన రుచిరా' మధ్యలో లోన్ ఆఫర్ కాల్ వస్తే హారన్లో ఊరంతా వింటుంది.

కడపరాయుని వీధి:
2½కి ఇద్దరూ సణుగుతూనే ఒప్పుకున్నారు. వయొలిన్లకు ఏమైనా చెప్పాలా? ఇంకోటి, పొద్దున 8కి ఉగ్గాని బజ్జీ అనుకున్నాం.

గాత్రం టీచర్:
బజ్జీ గోష్ఠి అయ్యాకే. నూనె, మిరపకాయ గొంతులో పెట్టుకుని తారస్థాయికి ఎవరు ఎక్కుతారు? ముందు ఇడ్లీ, గోరువెచ్చని నీళ్లు. వయొలిన్లు ముందురోజు రాత్రికే 2½కి మార్చాలి. తంతి కొత్త బిగువుకు అలవాటు పడకపోతే మొదటి కీర్తనలోనే జారుతుంది. మార్చాక బ్రిడ్జి (తంతులు ఆనే చెక్క) ఏ పక్కకైనా ఒరిగిందేమో చూడమనండి. పొడిగాలికి బిరడాలు (తంతి బిగించే చెక్క మేకులు) నిలవకపోతే కాస్త సుద్దపొడి రాయాలి. కమానుకు రాసే రోజిన్ బిళ్ల ఎండలో పెట్టొద్దు.