మామ్మ బొమ్మలో నిజం పసుపు, కుంకుమ వాడొచ్చా? (మిక్స్‌డ్ మీడియా)

బురుజుపేట_పిల్ల:
అందరికీ నమస్తే. మా మామ్మ పోయి ఏడాదైంది, అప్పట్నుంచీ ఆవిడ బొమ్మలే చేస్తున్నా, ఒకటి చార్‌కోల్‌తో, ఒకటి ఆవిడ చీర ముక్క మీద దారంతో కుట్టి, ఇంకోటి ఏటికొప్పాకలో లక్క పూత వేయించిన అంకుడు చెక్క మీద. ఈసారి ఫోటో మీదే పసుపు, కుంకుమ, గంధం పెడదామని ఉంది. మార్గశిరం గురువారాలు తెల్లారకముందే లైన్లో నించుని కనకమహాలక్ష్మి అమ్మవారికి తన చేత్తో పసుపు రాసొచ్చేది (మా వైజాగ్ బురుజుపేట గుళ్ళో ఎవరి పూజ వాళ్ళే చేసుకుంటారు కదా), సాయంత్రం దాకా గోళ్ళ సందుల్లో ఆ పసుపు అలాగే ఉండేది, నాకు ఆవిడ మొహం కంటే ఆ వేళ్ళే ముందు గుర్తొస్తాయి.

ట్రయల్‌ది కిటికీ పక్కన పెడితే నెల తిరక్కుండా పసుపు పాలిపోయింది, గంధం బీటలిచ్చి పెచ్చులూడింది. పైగా అమ్మేమో పోయినావిడ ఫోటో కత్తిరిస్తావా అని ఒకటే గొడవ. ఏం చెయ్యమంటారు?

ఫ్రేముల_పని_వన్‌టౌన్:
అమ్మా, ముందు ఒరిజినల్ ఫోటో ముట్టుకోవద్దు. స్కాన్ చేయించి లేజర్ ప్రింట్ తీయించు, ఇంక్‌జెట్ వద్దు, తడి తగిలితే కారిపోద్ది. చెక్క మీదో గుడ్డ మీదో జెల్ మీడియం (అక్రిలిక్ రంగుల్లో వాడే చిక్కటి జిగురు) రాసి ప్రింట్ బోర్లా అంటించి, బాగా ఆరాక తడిపి వేలితో కాగితం రుద్దేస్తే బొమ్మ దిగుద్ది. పసుపు రంగు ఎండకి నిలవదు, ఎంత వార్నిష్ కొట్టినా అంతే, కిటికీ లేని గోడ చూసుకో. సున్నం మాత్రం తగలనీకు, ఎర్రబడిపోద్ది. గంధంలో తుమ్మజిగురు కలిపి పల్చగా పూతమీద పూత వెయ్యి, ఒకేసారి మందంగా వేస్తే పగులుద్ది. అద్దానికీ బొమ్మకీ మధ్య కచ్చితంగా గ్యాప్ ఉండాలి, మన సముద్రం గాలికి వానాకాలంలో బూజు పట్టి అద్దానికి అతుక్కుపోయిన పెళ్ళి ఫోటోలు నా దగ్గరకి ఎన్నొస్తాయో.

ఏయూ_ఫైన్_ఆర్ట్స్:
మీ అమ్మగారికి నాథద్వారా మనోరథ చిత్రాల గురించి చెప్పండి. రాజస్థాన్‌లో శ్రీనాథ్‌జీకి పూజ చేస్తున్నట్టు భక్తుల్ని రంగుల్లో వేసి, మొహం దగ్గర మాత్రం వాళ్ళ ఫోటో కత్తిరించి అంటించేవాళ్ళు, ఫోటోగ్రఫీ కొత్తగా వచ్చిన రోజుల్లోనే. దేవుడి పక్కన ఎప్పటికీ ఉండిపోవాలనే కత్తిరించారు అది, అరిష్టం అనుకోలేదు.

ఇంకో మాట, మొహం మొత్తం కనపడాలని ఏముంది? సింహాద్రి అప్పన్న నిజరూపం చందనోత్సవం నాడు ఒక్కరోజే కదా, మళ్ళీ నాలుగు విడతల్లో విడతకి మూడు మణుగుల చందనం పూసేస్తారు. ఏడాదంతా మనం దణ్ణం పెట్టుకునేది ఆ చందనానికే. మీరూ మొహం గంధంతో కప్పేసి వేళ్ళు మాత్రం వదిలి చూడండి. నాలుగు బొమ్మలూ నాలుగు రకాలుగా ఉన్నాయని కూడా బెంగపడకండి, పక్కపక్కనే పెట్టండి, చూసేవాళ్ళకి మనిషి ఒక్కరే అని తెలుస్తుంది.

రాస్‌హిల్_కింద:
ఫ్రేముల అన్నతో ఒక్కచోట ఒప్పుకోను. మా తాతయ్య ఫోటో బైబిల్లో ఉంటుంది, మట్టల ఆదివారం తెచ్చిన ఈతాకు శిలువ దాని మీదే పెట్టేవాళ్ళు, ఇప్పుడు చొక్కా మీద శిలువ ఆకారంలో గోధుమరంగు మరక పడిపోయింది. ఎవరైనా శుభ్రం చేయిస్తామన్నా మేం ఇవ్వం. పసుపు పోతే పోనీ అక్కా, మార్గశిరం వచ్చినప్పుడల్లా మళ్ళీ పెట్టుకో.

బురుజుపేట_పిల్ల:
రాస్‌హిల్ తమ్ముడూ, నీది చదివి ఏడుపొచ్చింది. అద్దం లేకుండా చేస్తున్నా, మళ్ళీ పెట్టుకోవడానికి వీలుగా. మనోరథ బొమ్మలు ఫోన్లో చూపిస్తే అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత లోపలికెళ్ళి మామ్మ పసుపు గిన్నె తెచ్చి, నువ్వు నీళ్ళు ఎక్కువ పోస్తావు, నేనే కలుపుతానంది. ఫ్రేముల అన్నా, తుమ్మజిగురు పూర్ణామార్కెట్‌లో దొరుకుద్దా?