సమస్యాపూరణం: నిప్పు నుండి నీరు నెగసి పారె

నిర్వాహకుడు:
ఈసారి ఇచ్చిన పాదం ఆటవెలదిది, పద్యం దానితోనే ముగియాలి. షరతు ఒకటే: "హైడ్రో"తో మొదలయ్యే శాస్త్రపదం మీద పూరించాలి, కింద దాని అర్థం, పలికే తీరు రాయాలి. గ్రీకులో హైడోర్ అంటే నీరు. సగం పని నేనే చేసిపెట్టాను.

గురులఘువు:
హైడ్రొజనను పేర నలరు వాయువు మండ
ప్రాణవాయువందు బాగుగాను
ఆవిరైన పిదప నది చల్లబడినంత
నిప్పు నుండి నీరు నెగసి పారె

హైడ్రోజన్ అంటే నీటిని పుట్టించేది. 1787లో ఫ్రెంచి రసాయనవేత్తలు ఖాయం చేసిన పేరు. మన "ఉదజని"లోనూ నీళ్లే ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ల నోట నడిమి అక్షరం తేలిపోయి "హైడ్రజన్" అవుతుంది, కాబట్టి "డ్రొ" అని కుదించినందుకు నన్ను తిట్టకండి.

యతిమైత్రి:
కుదింపుకు అభ్యంతరం లేదండీ. "బాగుగాను" మాత్రం వట్టి పూరకం. "భగ్గుమనుచు" అంటే యతీ నిలుస్తుంది, మంటా కనిపిస్తుంది. అసలు చిక్కు వేరే ఉంది. చల్లబడ్డ నీరు కిందికి జారుతుంది కానీ నెగయదు కదా! సమస్యలో ఆ మాటను మీరు గాలికి వదిలేశారు.

కడలికెరటం:
కడలి యడుగులోన గాఢాంధకారాన
రగులు శిలను తాకి రయముతోడ
పగులు నుండి తిరిగి పైకిఁ జిమ్ముకొనుచు
నిప్పు నుండి నీరు నెగసి పారె

హైడ్రోథర్మల్ బిలాలు. నీరు, వేడి కలిసిన మాట. 1977లో గలపాగోస్ దీవుల దగ్గర సముద్రగర్భంలో చూశారు. కొన్నిచోట్ల ఆ నీటి వేడి 350 డిగ్రీల సెల్సియస్ దాటినా, పైనున్న నీటి ఒత్తిడి వల్ల మరగదు. ఊనిక, అంటే నొక్కి పలకడం, "థర్" మీద పడుతుంది, "హైడ్రో" నిండుగానే పలుకుతుంది.

యతిమైత్రి:
"నెగసి"కి న్యాయం జరిగింది, భేష్! కానీ "రయముతోడ" ఎందుకు? నీరు పగుళ్లలోకి మెల్లగా ఇంకుతుంది, వేగమంతా బయటికొచ్చేటప్పుడే. "అగ్నిశిలల వేడి నంటి కాగి" అని చూడండి.

తేటగీతి:
హైగ్రోమీటర్ మీద రాయొచ్చా?

నిర్వాహకుడు:
కుదరదమ్మా, అది "హైగ్రో", తేమ. గాలిలో తేమను కొలుస్తుంది. ద్రవాల సాంద్రత చూసేది హైడ్రోమీటర్. దాన్ని పలికేటప్పుడు ఊనిక రెండో అక్షరం మీద: "హైడ్రామిటర్". నీటితో పదార్థాలు విడిపోయే చర్య హైడ్రాలిసిస్‌దీ అదే దారి. మనం "హైడ్రోలైసిస్" అని సాగదీస్తాం.

కడలికెరటం:
సవరణ తీసుకున్నాను యతిమైత్రి గారూ. "రయము" యతి కోసం తెచ్చిందే, దొరికిపోయాను.