వాగ్దానం కార్డు మీద ఉన్న వచనం సరే, ఆ అధ్యాయం మొత్తం చదివితే అర్థం కావట్లేదు. బైబిల్ ఎలా చదవాలి?

నర్సంపేట టైలరమ్మ

అందరికీ వందనాలు. నాది నర్సంపేట. ఇంట్లోనే బట్టలు కుడతాను. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను. పెళ్ళయ్యాకే సంఘంలోకి వచ్చాను, కాబట్టి సండే స్కూల్ కథలు నాకు తెలియవు. మా తోటికోడలు ఓబద్యా గ్రంథం అంటే చాలు, టక్కున పేజీ తీస్తుంది. నేను ఇప్పటికీ ముందు పేజీల్లో పట్టిక చూసే తీస్తాను.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని ఒక్కొక్కరికి ఒక బైబిల్ వచనం ఉన్న కార్డు ఇస్తారు. నాకు వచ్చిన వాగ్దానం కార్డు యిర్మీయా 29:11. దేవుడు మన గురించి అనుకునేవి సమాధానకరమైనవే, హాని చేసేవి కావు, ముందు ముందు నిరీక్షణ ఉంది అని. ఫ్రేము కట్టించి మిషన్ ఎదురుగా గోడకు పెట్టుకున్నాను. మా ఆయన మిర్చి వేశారు, దాని మీద అప్పు ఉంది. ఎనుమాముల మార్కెట్‌లో రేటు ఎట్లుంటుందో ఎవరికి తెలుసు? పెద్దోడి ఇంటర్ ఫీజు ఇంకా కట్టాలి. ఆ వచనం చూస్తే కొంచెం ధైర్యంగా ఉండేది.

మొన్న స్త్రీల కూడికలో, దాన్ని నడిపించే అమ్మగారు, "నీ వాగ్దానం మీద వచ్చే వారం ఐదు నిమిషాలు మాట్లాడు" అన్నారు. సరే, అధ్యాయం మొత్తం చదివి పోదామని కూర్చున్నాను. అప్పటి నుంచి టెన్షన్. అది ఒక ఉత్తరమట! బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్ళకు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి రాసి పంపింది. నా వచనానికి సరిగ్గా పై వచనంలో డెబ్బై సంవత్సరాలు అని ఉంది. కొంచెం కిందికి వస్తే ఖడ్గం, కరవు, తెగులు, తినడానికి పనికిరాని అంజూరపు పండ్లు. మూడో వచనంలో సిద్కియా రాజు అంటాడు, ఇరవై ఒకటో వచనంలో సిద్కియా అబద్ధాలు ప్రవచించాడు అంటాడు. ఇద్దరూ ఒకరేనా? వెనక్కి వెళ్ళి చదివితే 24లో సిద్కియా రాజు, 25లో అతనికంటే ముందు ఏలిన యెహోయాకీము. ముందుది వెనక, వెనకది ముందు.

ఇది వాళ్ళ వాగ్దానమా, నాదా? డెబ్బై ఏళ్ళు ఆగాలంటే నేను ఉండను. మామూలుగా చదువుకున్నవాళ్ళకు ఇది అర్థమయ్యే దారి ఏమన్నా ఉందా, లేక కార్డు వరకే చూసుకుని ఊరుకోవాలా?

కరీంనగర్ బ్రదర్

సిస్టర్, ప్రైజ్ ద లార్డ్. ఎక్కువ ఆలోచించకండి. ప్రార్థన చేసి తెరవండి, ఏ వచనం మీద కన్ను పడితే ఆ రోజుకు అదే మీకు. పరిశుద్ధాత్ముడే సమస్తం బోధిస్తాడని యోహాను 14:26లో ప్రభువు చెప్పాడు. చరిత్ర పుస్తకం చదివినట్టు చదివితే విశ్వాసం చల్లబడిపోతుంది. నేను చాలామందిని చూశాను.

హనుమకొండ రిటైర్డ్ సార్

బిడ్డా, నువ్వు అడిగినవన్నీ సరైన ప్రశ్నలే. ఉత్తరం అని గుర్తుపట్టావు, డెబ్బై దగ్గర ఆగావు, సిద్కియాలు ఇద్దరా అని అనుమానపడ్డావు. అర్థం కాకపోతే ఈ అనుమానాలే రావు. (అవును, ఇద్దరు. ఒకడు రాజు, ఇంకొకడు బబులోనులో ఉన్న అబద్ధ ప్రవక్త.)

నేను సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి, కొంచెం పాఠంలాగా చెప్తాను, ఓపిక పట్టు.

క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీదికి వచ్చి అక్కడి యూదా రాజును, అధికారులను, చేతిపనివాళ్ళను, కమ్మరులను బబులోనుకు పట్టుకుపోయాడు. ఆ రాజు పేరు 2 రాజులు పుస్తకంలో యెహోయాకీను, యిర్మీయాలో యెకొన్యా. మనిషి ఒక్కడే. వాళ్ళ నాయన యెహోయాకీము. చివర్లో ను, ము తేడా. ఇక్కడ తికమక పడనివాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. అతని స్థానంలో నెబుకద్నెజరు కూర్చోబెట్టినవాడే సిద్కియా.

ఊళ్ళో మిగిలినవాళ్ళకు, పోయినవాళ్ళకు ఒకటే ప్రశ్న: తిరిగి వచ్చేది ఎప్పుడు? హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అన్నీ వెనక్కి వస్తాయని గుడిలో అందరి ముందు చెప్పి, బబులోనుకు లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచాడు. అది 28వ అధ్యాయం. జనానికి ఎవరి మాట ఇష్టంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. దాని తర్వాతి అధ్యాయమే నీ ఉత్తరం. అందులో యిర్మీయా ఏం రాశాడు? ఇండ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని పట్టుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి. రెండేళ్ళు కాదు, డెబ్బై. ఆ తర్వాతే నీ పదకొండో వచనం.

క్రీ.పూ. 586 నాటికి పట్టణమూ దేవాలయమూ కాలిపోయాయి. క్రీ.పూ. 538లో పర్షియా రాజు కోరెషు తిరిగి పొమ్మన్నాడు. అంటే ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది బబులోనులోనే కన్నుమూసి ఉంటారు. అయినా ఆ మాట వాళ్ళకే చెప్పాడు. కాబట్టి అది మొదట వాళ్ళది. నీకు దక్కేది, అలాంటి చోట కూడా తనవాళ్ళను వదలని దేవుడు అదే దేవుడని. ఈ ఏడు మిర్చి రేటు పెరుగుతుందని ఆ వచనం చెప్పట్లేదు. పెరగాలని నేనూ కోరుకుంటాను, అది వేరే సంగతి. కార్డు మీద ఐదో వచనం ఎందుకు అచ్చు వేయరా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. అప్పు ఉన్న ఇంట్లో తోట వేసుకోండి అనే మాట పదకొండో వచనం కంటే తక్కువ ధైర్యమేమీ ఇవ్వదు.

ఇప్పుడు చదివే పద్ధతి. యిర్మీయా మొత్తం పెట్టుకోకు. 52 అధ్యాయాలు, అవి కాలం వరుసలో లేవు, నువ్వే చూశావు. ముందు 2 రాజులు 24, 25 చదువు. తర్వాత యిర్మీయా 27, 28, 29 ఒకేసారి కూర్చుని చదువు. అంజూరపు పండ్ల సంగతి యిర్మీయా 24లో ఉంది, పది వచనాలే. పక్కన నోట్‌బుక్ పెట్టుకుని ఎవరు, ఎవరితో, ఎప్పుడు అనేవి మాత్రం రాసుకో. పాత అనువాదం నోరు తిరగకపోతే యూవర్షన్ యాప్‌లో వాడుక తెలుగుకు దగ్గరగా ఉన్నవి కూడా ఉన్నాయి, పక్కపక్కన పెట్టుకో. అది అయ్యాక దానియేలు 9:2 తీయి. బబులోనులో చెరలో ఉన్న దానియేలు కూడా యిర్మీయాను ముందు పెట్టుకుని అదే డెబ్బై లెక్క చూస్తున్నాడు.

కరీంనగర్ తమ్ముడికి ఒక మాట. యోహాను 14:26 నాకూ ఇష్టమే. కానీ అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు రథంలో యెషయా చదువుతుంటే ఆత్మ అతని చెవిలో అర్థం చెప్పలేదు, ఫిలిప్పును రథం దగ్గరికి పంపి అతనితో అర్థం చెప్పించాడు. అడగడం అవిశ్వాసం కాదు.

భూపాలపల్లి బాయి పని

అక్కా, సార్ చెప్పింది మంచిగుంది. నాకు మాత్రం చూసి చదవడమే కష్టం. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి పుస్తకం తెరిస్తే రెండు వచనాలకే నిద్ర. బొగ్గు బాయిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు కాబట్టి బస్సులో పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఆడియో వింటాను. మార్కుతో మొదలుపెట్టాను, 16 అధ్యాయాలే. వింటుంటే కథ ఆగకుండా పోతుంది, పేర్లు ఎలా పలకాలో కూడా తెలుస్తుంది. లేవీయకాండము విన్నాను కానీ మధ్యలో వదిలేశాను, ఇప్పుడప్పుడే మళ్ళీ పెట్టను.

కాజీపేట ఫాతిమా నగర్

మాది కథోలిక సంఘం. మా ఆదివారం పూజలో సువార్తలు మూడేళ్ళ వరుసలో వస్తాయి, ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. ఆ ఏడు ఏ సువార్త నడుస్తుందో ఇంట్లోనూ అదే చదువుకుంటే గుడిలో విన్నది, ఇంట్లో చదివింది కలుస్తాయి. ఇంకో సంగతి, మా బైబిల్‌లో బారూకు గ్రంథం ఆరో అధ్యాయం కూడా యిర్మీయా పేరుతో చెరలోకి పోయేవాళ్ళకు రాసిన ఉత్తరమే. విగ్రహాలను చూసి భయపడొద్దని దాని సారం. మీ బైబిల్‌లో అది ఉండదు, అందుకే చెప్పాను.

నర్సంపేట టైలరమ్మ

సార్, చాలా థ్యాంక్స్. మీరు చెప్పిన వరుసలోనే చదివాను. హనన్యా దగ్గరికి వచ్చేసరికి సీరియల్ చూస్తున్నట్టే ఉంది. కానీ ఒక భయం. మా కూడికలో అందరి దగ్గరా ఇలాంటి కార్డులే ఉన్నాయి. ఇది చెరలో ఉన్నవాళ్ళకు రాసింది అని మొదలుపెడితే, మా వాగ్దానాలు తీసేస్తున్నావా అంటారేమో. ఎట్లా చెప్పాలి?

హనుమకొండ రిటైర్డ్ సార్

వాదనగా పెట్టకు బిడ్డా. నాలుగు నుంచి పద్నాలుగో వచనం వరకు మెల్లగా, ఉత్తరం చదివినట్టే చదువు. నీ ఐదు నిమిషాల్లో సగం దానికే పోనివ్వు. తర్వాత ఇండ్లు, తోటల మాట నీకు ఎందుకు పట్టుకుందో చెప్పి కూర్చో. ఎవరన్నా అడిగితే 28 చదవమను. అమ్మగారికి మాత్రం ముందే ఒకసారి చెప్పి పెట్టుకో.

కరీంనగర్ బ్రదర్

సార్, కోపం లేదు, తెలుసుకుందామనే అడుగుతున్నాను. నాకు ఈ ఏడు 91వ కీర్తన వచ్చింది, దూతలు చేతుల మీద ఎత్తి పట్టుకుంటారని. దాన్ని కూడా ఇట్లా ముందూ వెనకా చూసే చదవాలా?

హనుమకొండ రిటైర్డ్ సార్

అది ఉత్తరం కాదు తమ్ముడూ, పాట. దాని పద్ధతి వేరు, వేరే పోస్టు పెట్టు, మాట్లాడుకుందాం. ముందు మత్తయి 4:6 తీసి, ఆ మాటను అక్కడ ఎవరు ఎత్తి చెప్తున్నారో చూసి రా.