అప్‌డేట్: నవలలో రాకెట్ విమానం దిగగానే పేలడానికి కారణం దొరికింది

1944 జర్మనీలో నా కల్పిత శాస్త్రవేత్త చేసిన రాకెట్ విమానం, ఇంధనం అయిపోయాక కూడా నేలను తాకగానే ఎందుకు పేలాలని అడిగాను. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

"ట్యాంకులు పూర్తిగా ఖాళీ కావు" అన్న జవాబే పనిచేసింది. నమూనాగా తీసుకున్నది మెస్సర్‌ష్మిట్ 163, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన రాకెట్ యుద్ధవిమానం. దాని ఇంజన్‌లో మండేవి రెండు ద్రవాలు. టీ-స్టాఫ్ అంటే దాదాపు 80 శాతం గాఢత ఉన్న హైడ్రోజన్ పెరాక్సైడ్. సీ-స్టాఫ్ అంటే మిథనాల్, హైడ్రజీన్ హైడ్రేట్, నీళ్లు. రెండూ కలిస్తే నిప్పురవ్వ అక్కర్లేదు, వాటంతటవే భగ్గుమంటాయి. చక్రాల బండిని గాల్లోకి లేవగానే వదిలేస్తారు కాబట్టి దిగేది స్కిడ్ మీద, అంటే పొట్ట కింద ఉండే జారుడు పట్టీ మీద. ఆ కుదుపుకి పైపు చిట్లితే, అడుగున మిగిలిన కొద్దిపాటి ద్రవమే చాలు.

అసలు భయంకరమైన సంగతి వేరే ఉంది: పెరాక్సైడ్ ట్యాంకుల్లో రెండు కాక్‌పిట్‌లోనే, పైలట్‌కి అటూ ఇటూ ఉంటాయి. కారితే ముందు తడిసేది అతని చొక్కా చెయ్యే. కింద చర్మం కాలిపోతుంది. సీను ఇప్పుడు అక్కడి నుంచే మొదలవుతుంది.

తెగిన వైరు, విద్రోహం, బుల్లెట్ దెబ్బ, ఇవేవీ అవసరం పడలేదు, తీసేశాను.

ఇలాంటి సీను రాసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: ఆ రెండు ద్రవాల ట్యాంకర్లు ఒకేసారి విమానం దగ్గరికి రాకూడదు, ఒకటి నింపాక ఒలికిందంతా నీళ్లతో కడగాలి.