మలక్‌పేట రేస్‌కోర్సులో పని: ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: అన్నా, మా తమ్ముడికి 18 ఏళ్లు, బరువు 47 కిలోలు, గుర్రాలంటే ప్రాణం. జాకీ (రేసుల్లో గుర్రమెక్కి పరిగెత్తించేవాడు) అవుతానంటున్నాడు, ఇంట్లో అందరికీ టెన్షన్. దారి ఉందా?

జవాబు: ఉంది, కానీ ఒక్కసారిగా కాదు. ముందు రేసు గుర్రాలకు శిక్షణ ఇచ్చే ఒక ట్రైనర్ దగ్గర చేరి, తెల్లారకముందే లేచి, లాయం శుభ్రం చేసి, గుర్రానికి మాలిష్ చేసి, దాని స్వభావం పట్టుకున్నాకే పొద్దుటి ప్రాక్టీసులో ఎక్కనిస్తారు. అప్రెంటిస్ (నేర్చుకుంటున్న జాకీ) లైసెన్సు ఆ తర్వాతే. అప్రెంటిస్ ఎక్కితే గుర్రం మోసే బరువులో తగ్గింపు ఉంటుంది, అందుకే కొత్తవాళ్లకూ అవకాశాలొస్తాయి.

ఇంకొకరు: నాకు భుజం రెండుసార్లు విరిగింది. ఇన్సూరెన్స్ సంగతి ముందే అడగండి. బరువు కోసం కడుపు మాడ్చుకోనివ్వకండి.

మరొకరు: జాకీ ఒక్కటేనా? గుర్రాల డెక్కలకు నాడాలు కొట్టే పని నేర్చుకోవచ్చు. చదివే ఓపిక ఉంటే పశువైద్యం, ఐదున్నరేళ్ల కోర్సు. ముందు ఎవరైనా ట్రైనర్‌ని అడిగి ఒక తెల్లవారుజామున లాయాలు చూపించండి.