యాక్సిడెంట్ సెటిల్‌మెంట్ డబ్బు: ట్రస్టు పెట్టాలా, ఖర్చు చేసేయాలా?

ప్రశ్న: అమెరికాలో ఎస్ఎస్ఐ (ఆదాయం, ఆస్తి తక్కువున్న వికలాంగులకీ వృద్ధులకీ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం), దాంతోపాటు మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకి ప్రభుత్వ వైద్య సాయం) వస్తున్న 34 ఏళ్ల వ్యక్తికి కేసులో ఖర్చులన్నీ పోను 48,000 డాలర్లు రాబోతున్నాయి. ఎస్ఎస్ఐకి ఆస్తి హద్దు 2,000 డాలర్లే. ఏం చేయాలి?

గోదారిగట్టు: ఈమాత్రానికి ట్రస్టు దేనికండీ? చెక్కు వచ్చిన నెలలో అది ఆదాయం, ఆ నెల ఎస్ఎస్ఐ పోతుంది. మరుసటి నెల ఒకటో తారీఖుకి మిగిలిందే ఆస్తి. ఈలోగా అప్పులు తీర్చి, కారు కొనుక్కుంటే సరి. ఉంటున్న సొంతిల్లు, ఒక కారు లెక్కలోకి రావు. ట్రస్టులో పెడితే, ఆ మనిషి పోయాక మిగిలింది మెడికెయిడ్ పట్టుకుపోతుంది.

నల్లకోటు: గోదారిగట్టు గారూ, చెక్కు 28న చేతికొస్తే? మూడు రోజుల్లో 46,000 ఖర్చవుతాయా? ఆ కంగారులోనే అన్నయ్య ఖాతాకో, ఊళ్లో నాన్నగారికో పంపేస్తారు. కొంప మునిగేది అక్కడే. ఊరికే ఇచ్చేసిన 48,000ని నెల ఎస్ఎస్ఐ 994తో (2026 రేటు) భాగిస్తే ఎస్ఎస్ఐ ఆపే కాలం 48 నెలలు. గరిష్ఠం 36 కాబట్టి మూడేళ్లు ఎస్ఎస్ఐ బంద్. తన పేరిట ఇండియాలో ఎఫ్‌డీ వేసినా అది ఆస్తే.

స్పెషల్ నీడ్స్ ట్రస్టు (వికలాంగుల డబ్బు ఎస్ఎస్ఐ ఆస్తి లెక్కలోకి రాకుండా ఉంచేది) 65 ఏళ్లలోపు పెట్టాలి. 2016 డిసెంబరు నుంచి తనంతట తానే పెట్టుకోవచ్చు. చెక్కు నేరుగా ట్రస్టు పేరిటే రాయించాలి. బతికుండగా తనకోసం ఖర్చయినదాన్ని మెడికెయిడ్ అడగదు.

గోదారిగట్టు: రాయించడానికీ, ఏటా నడపడానికీ అయ్యే ఖర్చో?

నల్లకోటు: అందుకే పూల్డ్ ట్రస్టు చూడమంటాను. స్వచ్ఛంద సంస్థ నడుపుతుంది, అందులో తన పేరిట విడి ఖాతా ఉంటుంది.

పద్మ_బెనిఫిట్స్: ట్రస్టు పెట్టాక కూడా తప్పులు జరుగుతాయి. ట్రస్టు నుంచి నగదు చేతికిస్తే ఎస్ఎస్ఐ అంత మేరా తగ్గుతుంది. అద్దె కడితే కోత నెల రేటులో సుమారు మూడో వంతు దగ్గర ఆగుతుంది. కిరాణా సామాను 2024 సెప్టెంబరు 30 నుంచి లెక్కలో లేదు. వైకల్యం 46 ఏళ్లలోపు వచ్చి ఉంటే ఏబుల్ ఖాతా (వికలాంగుల కోసం ఉన్న ప్రత్యేక పొదుపు ఖాతా) తెరిచి, ట్రస్టు నుంచి అందులో వేసి అద్దె కట్టండి, కోతే ఉండదు.

నల్లకోటు: అవును. అన్నిటికన్నా ముందు, యాక్సిడెంట్ వైద్యానికి మెడికెయిడ్ పెట్టిన ఖర్చు తాలూకు బాకీ తేల్చుకోవాలి. 2022లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన గలార్డో తీర్పు తర్వాత సెటిల్‌మెంటులో గత వైద్యానికే కాదు, రాబోయే వైద్యానికి కేటాయించిన భాగం మీదా రాష్ట్రానికి హక్కుంది. ఏ భాగం దేనికో ఒప్పందంలో విడగొట్టి రాయించకుండా సంతకం పెట్టొద్దు.

గోదారిగట్టు: పూల్డ్ ట్రస్టుకి ఒప్పుకుంటాను. కానీ ఎస్ఎస్‌డీఐ (పనిచేసి పన్ను కట్టినవాళ్లకి వచ్చే వైకల్య భత్యం), మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) మాత్రమే ఉన్నవాళ్లకి ఈ ఆస్తి హద్దే లేదు, వాళ్లని ట్రస్టులంటూ భయపెట్టకండి. ఎస్ఎస్ఐ ఉన్నవాళ్లు మాత్రం, ఏ దారి పట్టినా, మరుసటి నెల 10లోగా ఎస్ఎస్ఐ ఇచ్చే సోషల్ సెక్యూరిటీ శాఖకి తెలపాలి.